నచ్చిన నంబరు కొనవచ్చు.. నచ్చిన ప్లేటు కుదరదు

కొత్త బండికి గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన తర్వాత చాలామంది నేరుగా వెళ్లేది స్టిక్కర్ల దుకాణానికే. ఏ జిల్లా కేంద్రంలో చూసినా రవాణా శాఖ కార్యాలయానికి కూతవేటు దూరంలోనే ఇలాంటి దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. ఉబ్బెత్తు అక్షరాల అక్రిలిక్ ప్లేట్లు, రాత్రి వేళ మెరిసే అంకెలు, మూలన ఇష్టదైవం బొమ్మ, నంబరు కింద అభిమాన నటుడి పేరు.. ఏది కోరితే అది గంటలో సిద్ధం చేసి ఇస్తారు. ఇది చెల్లుతుందా అని కొనుగోలుదారు అడిగితే, అందరూ వేయించుకుంటున్నారు కదా అన్న సమాధానమే వస్తుంది. చట్టం చెప్పేది వేరు.

ఇక్కడ రెండు విషయాలను విడివిడిగా చూడాలి. ఒకటి నంబరు, రెండోది ఆ నంబరు రాసే ప్లేటు. నంబరును ప్రభుత్వానికి రుసుము చెల్లించి ఎంచుకునే హక్కు వాహనదారుకు ఉంది. ప్లేటు విషయంలో అలాంటి హక్కు లేదు. ఈ తేడా తెలియక వేలు పోసి ఫ్యాన్సీ నంబరు దక్కించుకున్నవారు కూడా, ఆ తర్వాత కొన్ని వందలు పెట్టి చేయించుకున్న ప్లేటు కారణంగా నడిరోడ్డుపై జరిమానా కడుతున్నారు.

అమెరికాలోని మన బంధువులు కార్ల ప్లేట్లపై తమ పేర్లు, ఊరి పేర్లు వేయించుకుని ఫొటోలు పంపుతుంటారు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వాలే ప్రత్యేక రుసుముతో ఆ సదుపాయం కల్పిస్తాయి. పేరే అక్కడ నమోదు సంఖ్య అవుతుంది. మన దేశంలో ఆ పద్ధతి లేదు.

నంబరు దక్కేదిలా..

వాహనానికి తాత్కాలిక రిజిస్ట్రేషన్ అయిన తర్వాత, శాశ్వత నంబరు కేటాయించకముందే రవాణా శాఖ వెబ్‌సైటులో కోరిన నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి. ఒక్కో నంబరుకు ప్రభుత్వం కనీస రుసుము నిర్ణయించింది. 1, 9, 999, 9999 వంటివి పై వరుసలో ఉంటాయి. సాధారణ నంబర్లకు తక్కువ మొత్తం సరిపోతుంది. ఈ రుసుములను ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు సవరిస్తున్నందున దరఖాస్తు చేసే రోజున ఉన్న పట్టికనే చూసుకోవాలి. ఒక నంబరుకు ఒక్కరే పోటీలో ఉంటే ఆ రుసుముకే దక్కుతుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే ఆన్‌లైన్‌లో వేలం నిర్వహించి ఎక్కువ మొత్తం పేర్కొన్నవారికి కేటాయిస్తారు. నంబరు దక్కిన తర్వాత నిర్ణీత గడువులోగా వాహనాన్ని రిజిస్టర్ చేయించుకోవాలి.

పోటీ పెరిగితే ధర ఎంతవరకు వెళ్తుందో చెప్పడానికి హైదరాబాద్ ఖైరతాబాద్ కార్యాలయం వేలాలే నిదర్శనం. 2024 ఆగస్టులో అక్కడ 9999 నంబరు 25 లక్షల రూపాయలకు పైగా పలికింది. జిల్లాల్లో అంత పోటీ ఉండదు. అంకెల మొత్తం తొమ్మిది రావాలనో, పుట్టిన తేదీ కలవాలనో కోరుకునే సామాన్య వాహనదారుకు కనీస రుసుముతోనే పని పూర్తవుతుంది. దీనికి మధ్యవర్తుల అవసరం లేదు.

ప్లేటులో ఏముండాలి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని 50, 51 నిబంధనలు ప్లేటు రూపాన్ని, అక్షరాల కొలతలను నిర్దేశిస్తున్నాయి. ప్రస్తుతం చెల్లుబాటయ్యేది హై సెక్యూరిటీ రిజిస్ట్రేషన్ ప్లేటు ఒక్కటే. ఒక మిల్లీమీటరు మందం గల అల్యూమినియం రేకుతో దీన్ని తయారు చేస్తారు. ఎడమవైపు పై మూలన 20 మిల్లీమీటర్ల అశోక చక్రం హోలోగ్రామ్, దాని దిగువన నీలిరంగులో ఐఎన్‌డీ అనే ఆంగ్ల అక్షరాలు, కింద లేజర్‌తో చెక్కిన గుర్తింపు సంఖ్య ఉంటాయి. ఒకసారి బిగిస్తే విరిగితే తప్ప ఊడిరాని లాక్‌తో దీన్ని వాహనానికి అమరుస్తారు. కార్లకైతే ముందు అద్దం లోపలివైపు మూడో ప్లేటుగా ఒక స్టిక్కరు కూడా ఉండాలి. ఊడదీస్తే అది చిరిగిపోతుంది.

అక్షరాలు ఆంగ్లంలో, అంకెలు 1, 2, 3 రూపంలోనే ఉండాలి. మాతృభాషపై మమకారంతో తెలుగు అంకెలు రాయించుకున్నా అది నిబంధనల ఉల్లంఘన కిందికే వస్తుంది. ఈ ఒక్క విషయంలో అభిమానులు నొచ్చుకోక తప్పదు. ప్రమాదం చేసి పారిపోయిన వాహనం నంబరును పొరుగు రాష్ట్రం వ్యక్తి కూడా చదివి చెప్పగలగాలన్నది దీని ఉద్దేశం. నమోదు సంఖ్యల్లోని అక్షరాల శ్రేణిలో ఐ, ఓ అక్షరాలను వాడకపోవడానికీ కారణం ఇలాంటిదే. అవి ఒకటి, సున్నా అంకెలుగా పొరబడే ప్రమాదం ఉంది.

కొలతల విషయానికి వస్తే ద్విచక్ర వాహనం వెనుక ప్లేటుపై అక్షరాల ఎత్తు 35 మిల్లీమీటర్లు, అంకెల ఎత్తు 40 మిల్లీమీటర్లు ఉండాలి. కార్ల వంటి వాటికి రెండూ 65 మిల్లీమీటర్లు. 8055 నంబరును ‘బాస్’ అని చదివించేలా వంకర్లు తిప్పడం, ఒక అంకెను పెద్దదిగా చేసి మిగతావాటిని చీమతలంత రాయడం ఈ కొలతలను కాదనడమే.

రంగుల్లోనూ మార్పునకు వీల్లేదు. సొంత వాహనాలకు తెలుపు మీద నలుపు, రవాణా వాహనాలకు పసుపు మీద నలుపు, స్వయంగా నడుపుకొనేందుకు అద్దెకిచ్చే కార్లకు నలుపు మీద పసుపు. విద్యుత్తు వాహనాలకు ఆకుపచ్చ మీద, సొంతవైతే తెలుపు, రవాణావైతే పసుపు అక్షరాలు ఉంటాయి.

కార్లకు చుట్టూ మెరుపు ఫ్రేము బిగించేవారు అది అశోక చక్రాన్ని, లేజర్ సంఖ్యను, అంకెల అంచులను కప్పకుండా చూసుకోవాలి. బైకుల వెనుక మడ్‌గార్డు తీయించి ప్లేటును సీటు కిందికి మడిచి పెట్టించే యువకులకు ఇదే వర్తిస్తుంది. ప్లేటు అసలైనదే కావచ్చు. అది వెనుకవారికి కనిపించకపోతే ఉన్నా లేనట్లే.

టీఎస్‌ను టీజీగా దిద్దితే..

2024 మార్చి 15 నుంచి తెలంగాణలో కొత్త వాహనాలకు టీఎస్ స్థానంలో టీజీ కోడ్ ఇస్తున్నారు. అప్పటికే టీఎస్ పేరిట నమోదైన వాహనాలు అలాగే కొనసాగుతాయి. అయినా ఉత్సాహం కొద్దీ ఎస్ అక్షరంపై జీ స్టిక్కరు అతికించుకున్నవారు ఉన్నారు. 2014లో రాష్ట్రం ఏర్పడినప్పుడు ఏపీని టీఎస్‌గా దిద్దుకున్నవారూ ఇదే పొరపాటు చేశారు. ఆర్‌సీలో ఉన్నది ఒకటి, ప్లేటుపై ఉన్నది మరొకటి అయితే అది తప్పుడు నంబరే. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019 నుంచి జిల్లాకో కోడ్ పోయి ఏపీ 39 వచ్చింది. కృష్ణాకు 16, గుంటూరుకు 07 అన్న పాత గుర్తులు ఇప్పుడు పాత బండ్లపైనే కనిపిస్తాయి. కొత్త బండిపై పాత జిల్లా సంఖ్య వేయించుకునే వీలు లేదు.

నిబంధనలకు విరుద్ధమైన ప్లేటుకు మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద తొలిసారి 500 రూపాయలు, మళ్లీ పట్టుబడితే 1,500 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. అక్కడికక్కడే వసూలు చేసే మొత్తాలు రాష్ట్రాన్నిబట్టి మారతాయి. అసలు రిజిస్ట్రేషనే లేకుండా నడిపితే 192వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు కట్టాల్సి వస్తుంది.

ఉద్దేశపూర్వకంగా అంకెను చెరిపినా, మార్చినా వ్యవహారం జరిమానాతో ఆగదు. చలానా తప్పించుకునేందుకు 3ను 8గా దిద్దితే, కెమెరాకు చిక్కిన ఆ నంబరు మరెవరిదో అవుతుంది. ఊరు దాటని రైతు ఇంటికి హైదరాబాద్ చలానా రావడం వెనుక ఉండేది ఇదే. ఇలాంటి వాటిని పోలీసులు మోసం కేసులుగా నమోదు చేస్తున్నారు. ఒకప్పుడు ఐపీసీ 420 కింద పెట్టిన ఈ కేసులను 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318(4) కింద పెడుతున్నారు. దీనికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. కళాశాల విద్యార్థికి బండి కొనిచ్చే తల్లిదండ్రులు ఈ సంగతి చెవిన వేయడం మంచిది. పాస్‌పోర్టు, ఉద్యోగ విచారణల్లో ఈ కేసు అడ్డు తగులుతుంది.

పాత వాహనాలకు ఎలా?

2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన వాహనాలకు ప్లేటును కంపెనీ తరఫున డీలరే బిగించాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013 చివరి నుంచి రవాణా కార్యాలయాల్లోనే ఈ ప్లేట్లు బిగించినా, డబ్బు కట్టి కూడా వెళ్లి బిగించుకోనివారు ఎందరో ఉన్నారు. తెలంగాణలో 2019 ఏప్రిల్‌కు ముందు నాటి వాహనాలకూ ఈ ప్లేట్లు ఉండాలని 2025లో ఉత్తర్వులు వెలువడ్డాయి. గడువు, రుసుము వివరాలను స్థానిక కార్యాలయంలో సరిచూసుకోవాలి.

వాహన తయారీదారుల సంఘమైన సియామ్ వెబ్‌సైటులో రాష్ట్రం, వాహన రకం, కంపెనీ ఎంచుకుంటే ఆ కంపెనీ అధీకృత పోర్టల్ తెరుచుకుంటుంది. రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజిన్ సంఖ్యలు నమోదు చేసి, దగ్గరి డీలరు వద్ద తేదీ ఖరారు చేసుకోవాలి. ఇవన్నీ ఆర్‌సీలో ఉంటాయి. పోలిన పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు ఉన్నందున వెతుకులాటలో ముందొచ్చిన లింకును నమ్మి డబ్బు కట్టరాదు. ఇంటికి ప్లేటు పంపుతాం, మీరే బిగించుకోండి అనేవారిని అనుమానించాలి. బిగించిన తర్వాత ప్లేటుపై లేజర్ సంఖ్యను రసీదుతో పోల్చి చూసుకోవాలి. వాడిన బండి కొనేవారు సైతం ప్లేటుకు లాక్ ఉందో, మామూలు స్క్రూలు ఉన్నాయో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

ప్లేటు ప్రమాదంలో వంగినా, విరిగినా పాతది అప్పగించి అదే నంబరుతో కొత్తది తీసుకోవచ్చు. పోయినా, చోరీకి గురైనా ముందుగా పోలీసులకు ఫిర్యాదు చేసి ఆ ప్రతిని దగ్గర ఉంచుకోవాలి. ఆ ప్లేటు మరో బండికి చేరితే, ఫలానా తేదీ నుంచి అది తమ వద్ద లేదని చూపేందుకు ఆ కాగితమే ఆధారం.