దారి మారితే వెంట వచ్చేదేమిటి? హాలియా ప్రాంతపు వలసలో వీసా మార్పిళ్లు

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు అందిన నల్లగొండ జిల్లా హాలియా చుట్టుపక్కల ఊళ్లదీ, అందని దేవరకొండ, చందంపేట మెట్ట ఊళ్లదీ ఒకే వలస చరిత్ర కాదు. మెట్టల నుంచీ, పక్కనున్న పాలమూరు నుంచీ జనం కూలికి పోయారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా పాలమూరు లేబర్ అక్కడుండేది. కాలువ కింద వరి పండించిన ఇళ్లలో మిగులు కొంత పిల్లల చదువు మీదికి మళ్లింది. 2008లో ఇంజనీరింగ్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావడంతో మెట్ట ఊళ్ల పిల్లలూ ఆ చదువుల్లోకి వచ్చారు. అమెరికా ఎమ్మెస్ మాట కాలువ దాటి వినబడింది. అదే ఏడాది హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ తెరవడంతో ఇంటర్వ్యూకు చెన్నై రైలెక్కే పనీ తప్పింది.

ఇలా వెళ్లినవారి ప్రయాణాన్ని మెట్ల వరుసగా చూడడం మనకు అలవాటు: ముందు విద్యార్థి, తర్వాత ఉద్యోగి, చివరికి శాశ్వత నివాసి. తెలుగు ఐటీ ఉద్యోగుల మీద మొదట లోతుగా పనిచేసిన షియాంగ్ బియావో తన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ (2007) పుస్తకంలో హైదరాబాదు, సిడ్నీల మధ్య రాకపోకల్ని చూపించి ఈ వరుసను కొంత చెదరగొట్టాడు. ఆస్ట్రేలియాకు చదువుకోవడానికి వచ్చి అక్కడే స్థిరపడేవారిని పరిశీలించిన శాంతి రాబర్ట్‌సన్, వలస విడతలు విడతలుగా, ఆగి ఆగి సాగుతుందని చెప్పింది. ఇద్దరి మాటా నిజమే. అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఒక వీసా దారి నుంచి ఇంకో దారికి మారిన మనిషి వెంట ఏమి వస్తుంది, ఏమి వెనకే ఉండిపోతుంది? దారి మార్పు లాభమా నష్టమా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుందని, ఇది దేశానికో తీరుగా ఉంటుందని నా వాదన. అమెరికాలో వెంట వచ్చేది తేదీ. అక్కడ గడిపిన కాలానికి లెక్క లేదు. బ్రిటన్‌లో లెక్కకు వచ్చేది కాలమే, అది కూడా కొన్ని దారుల్లో గడిపినదే.

తేదీ అనే ఆస్తి

అమెరికా 1990 చట్టం ఉద్యోగం ఆధారంగా ఏడాదికి కనీసం 1,40,000 గ్రీన్ కార్డులు ఇస్తుంది. భార్య, పిల్లలు కూడా ఆ లెక్కలోనివారే. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించరాదన్నది నియమం. అందులో ఉన్నత చదువులవారి విభాగమైన ఈబీ-2 వాటా 40,040. అందులో 7 శాతమంటే సుమారు 2,800. వేరే దేశాలవారు వాడుకోగా మిగిలినవి కలిస్తే తప్ప భారతదేశపు క్యూకు దక్కేది అంతే. హాలియాలో పుట్టినవాడు ఢిల్లీలో చదివినా, కెనడా పౌరసత్వం తీసుకున్నా ఈ క్యూలోనే ఉంటాడు. ఇక్కడ చూసేది పౌరసత్వాన్ని కాదు, పుట్టిన దేశాన్ని.

క్యూలో చోటును చెప్పేది ప్రయారిటీ డేట్. కార్మిక ధ్రువీకరణ కోసం కంపెనీ వేసే పెర్మ్ దరఖాస్తు కార్మిక శాఖకు చేరిన రోజే ఆ తేదీ. దాని మీద కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ మంజూరైతే, మోసం వంటి కారణాలతో రద్దయితే తప్ప, ఆ తేదీ మనిషితోనే ఉంటుంది. కంపెనీ మారి మళ్లీ మొదటి నుంచి పెర్మ్ వేసుకున్నా పాత తేదీ కొత్త ఫైలుకు వస్తుంది. 2017 జనవరి 17న అమల్లోకి వచ్చిన నిబంధన దీన్ని ఇంకా గట్టిపరిచింది. ఐ-140 మంజూరై 180 రోజులు దాటాక పాత యజమాని దాన్ని వెనక్కి తీసుకున్నా, హెచ్-1బి ఉద్యోగ వీసా పొడిగింపులకు అది పనికొస్తుంది. ఊళ్లో తల్లిదండ్రులు “మావోడికి ఐ-140 అయింది” అని చెప్పుకునేటప్పుడు దాన్ని గ్రీన్ కార్డుకు ఇంకో మెట్టుగా మాత్రమే అనుకుంటారు. వాళ్ల కొడుకు చేతికి వచ్చింది ఉద్యోగం పోయినా పోని ఒక తేదీ, 2000 నాటి ఏసీ21 చట్టం ప్రకారం ఆరేళ్ల గడువు దాటి మూడేళ్లకోసారి హెచ్-1బి పొడిగించుకునే హక్కు.

తేదీ ఉంటే దారి మార్చుకోవచ్చు. ఏ తేదీ దాకా వంతు వచ్చిందో నెలనెలా చెప్పేది వీసా బులెటిన్. 2020 అక్టోబరు బులెటిన్ ఈ విషయంలో మంచి పాఠం. మామూలుగా ఈబీ-2 పై మెట్టు, ఈబీ-3 కింది మెట్టు. ఆ నెల దరఖాస్తుల పట్టికలో భారతీయులకు ఈబీ-2 తేదీ 2011 మే 15 దగ్గర నిలిస్తే, ఈబీ-3 తేదీ ఒక్కసారిగా 2015 జనవరి 1కి దూకింది. కోవిడ్ వల్ల కుటుంబ కోటాలో వాడకుండా మిగిలిన సంఖ్యలు ఉద్యోగ కోటాకు కలవడంతో ఏడాది మొత్తం 2,60,000 దాటింది. వేలమంది అదే పెర్మ్ మీద, అదే కంపెనీ చేత ఈబీ-3లో ఇంకో ఐ-140 వేయించి, వెంటనే గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 దాఖలు చేశారు. దీనికి వాడుకలో స్థిరపడిన పేరు డౌన్‌గ్రేడ్. పేరులోనే తక్కువతనం ఉంది కాబట్టి ఊళ్లో పెద్దవాళ్లకు చెప్పుకోవడానికి కొందరు మొహమాటపడి ఉంటారు.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహాత్మక ఫైలు తీసుకుందాం. ప్రయారిటీ డేట్ 2013 మార్చి. 2020 అక్టోబరులో ఈబీ-2లో ఇతనికి దరఖాస్తు అవకాశమే లేదు, ఈబీ-3లో ఉంది. డౌన్‌గ్రేడ్ చేసి ఐ-485 వేశాడనుకుందాం. 2022లో ఆట తిరగబడింది. ఈబీ-3లో కార్డు ఇచ్చే తుది తేదీ 2012 మొదట్లోనే ఆగిపోతే, ఈబీ-2 మార్చి నాటికి 2013 మే 1కి, ఎండాకాలం దాటేసరికి 2014 డిసెంబరు 1కి వచ్చింది. అప్పుడు అమెరికా ఇమ్మిగ్రేషన్ సంస్థే ముందుకొచ్చి, ఈబీ-3లో పెండింగున్న ఐ-485ను ఈబీ-2 ఆధారానికి మార్చుకోమని సూచించింది. వాడుకలో ఇది ఇంటర్‌ఫైల్. లేఖ రాసి ఈబీ-2కి తిరిగొచ్చినవాడికి ఆ ఏడే కార్డు వచ్చే అవకాశం కలిగింది. అదే తేదీతో ఈబీ-3లో ఉండిపోయినవాడి వంతు 2025 ఎండాకాలం మొదట్లో గానీ రాలేదు.

డౌన్‌గ్రేడ్ చేయకుండా ఈబీ-2లోనే ఓపిక పట్టినవాడి సంగతి ఇంకా ఆసక్తికరం. 2022లో అతనికీ దారి తెరుచుకుంది. కానీ కొత్తగా ఐ-485 వేసి, మెడికల్ చేయించి, పరిశీలన ముగిసేలోపు అక్టోబరు బులెటిన్ ఈబీ-2ను 2012 ఏప్రిల్ 1కి వెనక్కి లాగింది. ఫైలు లోపలికి చేరినా కార్డు ఆగిపోయింది. అంటే డౌన్‌గ్రేడ్ ఇచ్చిన లాభం ఈబీ-3ది కాదు. ముందే దాఖలై కూర్చున్న ఐ-485ది. పెండింగులో ఉన్న ఆ కాగితం మీద ఉద్యోగ అనుమతి వస్తుంది, ప్రయాణ అనుమతి వస్తుంది, భార్య ఏ యజమాని దగ్గరైనా పనిచేయవచ్చు, 180 రోజులు దాటితే అదే తరహా ఉద్యోగానికి కంపెనీ మారవచ్చు. శాశ్వత నివాసం రాకముందే దాని ఫలాల్లో సగం చేతికొస్తాయి.

ఇది 2020లో కొత్తగా బయటపడిన సంగతి కాదు. 2007 జులై బులెటిన్ దాదాపు అన్ని ఉద్యోగ విభాగాల్నీ ఒకేసారి తెరిచి, జులై 2న వెనక్కి తీసుకుంది. ఆగ్రహించిన భారతీయ ఉద్యోగులు ‘లగే రహో మున్నాభాయ్’ సినిమా నేర్పిన గాంధీగిరి పద్ధతిలో ఇమ్మిగ్రేషన్ సంస్థ డైరెక్టరు ఎమిలియో గొంజాలెజ్‌కు పూలు పంపారు. ఆ పూలను సైనిక ఆసుపత్రికి మళ్లించారు. జులై 17న ప్రభుత్వం మెత్తబడి ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంటామంది. ఆ కిటికీలోంచి దూరినవారిలో చాలామందికి కార్డు రావడానికి తర్వాత ఏళ్లు పట్టినా, ఆ ఏళ్లను వాళ్లు హెచ్-1బి కట్టుబాట్లు లేకుండా గడిపారు.

వెంట రానివారు

తేదీ మనిషితో వస్తుంది సరే, కుటుంబం అంత సులువుగా రాదు. హెచ్-4 ఆధారిత వీసా మీద ఉన్న భార్యకు పని చేసే వీలు 2015 మే 26న మొదలైంది, అదీ భర్తకు ఐ-140 మంజూరైతే లేదా ఆరేళ్లు దాటిన పొడిగింపులో ఉంటేనే. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతలో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినప్పుడు, ఆయన భార్య సునయన దుమాలకు భర్తతో పాటే అమెరికాలో ఉండే హోదా కూడా పోయింది. స్థానిక కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుంటేనే ఆమెకు తాత్కాలిక పని అనుమతి దొరికింది. ఆధారిత వీసాల్లో మనిషి పూర్తిగా ఇంకొకరి ఫైలుకు అతికి ఉంటుందని పల్లవి బెనర్జీ ‘ది ఆపర్చునిటీ ట్రాప్’ (2022)లో చూపినదానికి ఇంతకన్నా కఠినమైన ఉదాహరణ అక్కర్లేదు.

పిల్లలకు ఇరవై ఒకటో ఏడే గోడ. వయసును బులెటిన్‌లోని ఏ పట్టిక ప్రకారం లెక్కించాలన్నది 2023 ఫిబ్రవరి 14న ఒక రకంగా, 2025 ఆగస్టు 15 తర్వాతి దరఖాస్తులకు ఇంకో రకంగా మారింది. గోడ దాటిపోయిన పిల్లాడు అక్కడే బడి చదువంతా చదివినా ఎఫ్-1 విద్యార్థి వీసా తీసుకోవాల్సిందే. తండ్రి ఎప్పుడో వదిలేసిన మొదటి దారిలో కొడుకు మళ్లీ మొదలుపెడతాడు.

కుటుంబంలాగే సులువుగా వెంట రాని భూమి సంగతి నేరుగా హాలియాకే తగులుతుంది. విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయుడు ఇల్లు, ప్లాటు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి కొనరాదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఈ నిషేధం గ్రీన్ కార్డుతో మొదలయ్యేది కాదు. చదువుకు వెళ్లిన విద్యార్థికే వర్తిస్తుంది. అమెరికా చట్టం పదిహేనేళ్లు గడిచినా తాత్కాలికుడిగానే చూసే మనిషిని, మన చట్టం విమానమెక్కిన రోజుల్లోనే బయటివాడిగా లెక్కిస్తుంది. ఎడమ కాలువ కింద ఎకరం కొనాలంటే తండ్రి పేరు మీదే కొనాలి. విద్యారుణంలోనూ ఇలాంటి మెలికే ఉంది. రూ.7.5 లక్షలు దాటితే బ్యాంకులు తాకట్టు అడుగుతాయి, సాధారణంగా సాగుభూమిని తాకట్టుగా తీసుకోవడానికి వెనకాడతాయి. పొలమే ఆస్తిగా ఉన్న ఇంటికి అది ఈ అవసరంలో అక్కరకు రాదు. ప్లాటో పక్కా ఇల్లో చూపాలి, లేదా ఎక్కువ వడ్డీకి ప్రైవేటు అప్పు తేవాలి. తెలంగాణలో అంబేద్కర్, మహాత్మా జ్యోతిబా ఫూలే పేర్ల మీదున్న విదేశీ విద్యానిధి పథకాలు రూ.20 లక్షల దాకా ఇస్తాయి కాబట్టి, భూమి లేని ఇళ్లకు అవి ఈ దారిలో మొదటి అడుగయ్యాయి.

బ్రిటన్ లెక్క

బ్రిటన్‌లో క్యూ లేదు, కోటా లేదు. స్కిల్డ్ వర్కర్ వీసాపై అయిదేళ్లు నిండితే స్థిర నివాసం అడగవచ్చు అన్నది ఇన్నాళ్ల లెక్క. స్టూడెంట్ వీసా ఏళ్లు, 2021 జులైలో మొదలైన గ్రాడ్యుయేట్ రూట్ రెండేళ్లు ఈ అయిదులో కలవవు. పదేళ్ల సుదీర్ఘ నివాసం లెక్కలో మాత్రం కలుస్తాయి. కాబట్టి మూడేళ్లు అక్కడ చదివి, రెండేళ్లు గ్రాడ్యుయేట్ మీద ఉన్న తెలుగు విద్యార్థికి ఏ దారి పట్టినా స్థిర నివాసం ఇంకో అయిదేళ్ల దూరంలోనే ఉంటుంది. అమెరికా తేదీ వలె ఇక్కడ ఏదీ మనిషి ఆస్తి కాదు. నియమం మారితే పోగైన కాలం విలువ కూడా మారిపోతుంది. హైస్కిల్డ్ పథకం కింద వచ్చినవారికి 2006లో, మధ్యలో షరతులు మార్చినప్పుడు హెచ్ఎస్ఎంపీ ఫోరం కోర్టుకెక్కి 2008లో, మళ్లీ 2009లో గెలిచింది. వచ్చిన రోజు చెప్పిన మాట నిలబెట్టుకోవాలన్నది ఆ తీర్పుల సారం. 2025 మే 12 నాటి శ్వేతపత్రం అయిదేళ్లను పదేళ్లు చేయాలంది. ఇప్పటికే దారిలో ఉన్నవారికీ దాన్ని వర్తింపజేయాలన్న ప్రతిపాదనతో పాత వాదమే కొత్తగా ముందుకొచ్చింది.

ఇప్పటి స్థితి

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడి ప్రకటన కొత్త హెచ్-1బి పిటిషన్లపై లక్ష డాలర్లు వేసింది. అక్టోబరు 20న వచ్చిన వివరణ, దేశం లోపలే ఉండి ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మారేవారిని దాని నుంచి తప్పించింది. లోపలి మార్పిడికి ఇంత విలువ ఎన్నడూ లేదు. హాలియా నుంచి నేరుగా ఉద్యోగానికి వెళ్లగలవాడికన్నా, అప్పు చేసి ఎమ్మెస్‌లో చేరినవాడు కంపెనీకి లక్ష డాలర్లు చౌక. ఈ ప్రకటన చదువును ఉద్యోగ వీసాకు ప్రవేశ రుసుముగా మార్చిందని విమర్శించేవాళ్లకు ఈ లెక్కే ఆధారం.

ఈ లోపలి మార్పిడి వెనక ఒక చిన్న నిబంధన పనిచేస్తుంది. మార్పిడి దరఖాస్తు తేలకముందే దేశం దాటితే దాన్ని వదులుకున్నట్టే లెక్క. అప్పుడు మళ్లీ కాన్సులేట్ దారి, దాంతో రుసుము కూడా. పిటిషన్లు ఏప్రిల్ 1 నుంచి తీసుకుంటారు, ఉద్యోగం అక్టోబరు 1న మొదలవుతుంది. చదువు తర్వాతి పని అనుమతి, అంటే ఓపీటీ, అయిపోయినవాడికి మధ్యకాలాన్ని కలిపే క్యాప్-గ్యాప్ కూడా ఈ మార్పిడి మీదే నిలుస్తుంది. ఎండాకాలపు పెళ్లిళ్లు సరిగ్గా ఈ నెలల్లోనే పడతాయి. హెచ్-1బి లాటరీలో పేరొచ్చిన పిల్లలు ఆ ఏడు ఇంట్లో ఎవరి పెళ్లికీ రాలేరు. ఇది తెలిసిన ఇళ్లు ముహూర్తాన్ని ఆశ్వయుజానికో కార్తీకానికో జరుపుకుంటాయి. అప్పటికీ వీసా స్టాంపింగ్ కోసం నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరకాలి.