ఆమ్లం తగ్గింది, పుండు తిరిగొచ్చింది

ఆమ్లం లేనిదే అల్సర్ లేదని 1910లో కార్ల్ ష్వార్ట్జ్ అనే శస్త్రవైద్యుడు తేల్చేశాడు. తర్వాత డెబ్భై ఏళ్లకు పైగా కడుపు వైద్యం ఆ మాట చుట్టూనే తిరిగింది. షికాగోలో బెర్‌ట్రమ్ సిప్పీ గంటగంటకూ పాలూ మీగడా పట్టించి, మధ్యమధ్య క్షారపు పొడులు మింగించాడు. 1940ల్లో అదే ఊళ్లో లెస్టర్ డ్రాగ్‌స్టెట్, ఆమ్లం ఊరేలా చేసే వేగస్ నరాన్నే కోసేశాడు. ఆ సిద్ధాంతం తప్పని ఇప్పుడు నవ్వడం తేలిక. కానీ అది తప్పు కాదు, సగం నిజం. ఆ సగం అంత బాగా పనిచేసింది కాబట్టే మిగతా సగం ఎవరికీ కనబడలేదు.

ఎంత బాగా పనిచేసిందో చెప్పాలంటే ఔషధ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ దగ్గర ఆగాలి. ఎలర్జీ మాత్రలు హిస్టమిన్‌ను ముక్కులో అడ్డుకుంటాయి గాని కడుపులో ఆమ్లం ఊరడాన్ని ఆపలేవు. అంటే కడుపులో హిస్టమిన్ పట్టుకునే గ్రాహకం వేరొకటి ఉండాలి. ఈ ఊహతో ఇంగ్లండ్‌లోని వెల్విన్‌లో బ్లాక్ బృందం ఏళ్ల తరబడి శ్రమించింది. వాళ్లు తయారుచేసిన బ్యూరిమమైడ్ మందు నోటి ద్వారా ఇస్తే సరిగా ఒంటపట్టలేదు. మెటియమైడ్ కొందరిలో తెల్లకణాలను పడగొట్టింది. చివరికి 1976లో సిమెటిడిన్ బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది. చాలామందికి కొన్ని వారాల్లోనే పుండు మానింది, కత్తి అవసరం బాగా తగ్గింది. మందు ఆపితే మాత్రం ఏడాది తిరిగేలోగా ఎక్కువమందికి పుండు మళ్లీ వచ్చేది. ఇక్కడే 'ఎందుకొస్తోంది' అని గట్టిగా అడగాల్సింది. వైద్యులు రోజూ రాత్రి ఒక మాత్ర కొనసాగించమన్నారు. 1988లో స్వీడన్ నుంచి వచ్చిన ఒమెప్రజోల్, ఆమ్లాన్ని తోడిపోసే పంపునే కట్టేసింది. ఉత్పత్తికి కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చే నాటి భారత చట్టం పుణ్యమా అని, 1991లోనే హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ నుంచి అది 'ఒమెజ్' పేరుతో వచ్చింది.

ఈలోగా ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే వైద్యులు మిగతా సగాన్ని పట్టుకున్నారు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల మామూలు కంటే ఎక్కువ రోజులు వదిలేసిన ల్యాబ్ పళ్లేల్లో, రోగుల కడుపు నుంచి తీసిన హెలికోబాక్టర్ బాక్టీరియా పెరిగింది; అల్సర్ వెనక ఉన్నది అదే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల బృందం యాంటీబయాటిక్స్ వాడమని చెప్పేసరికి 1994 వచ్చింది. లాభాల కోసం ఈ సంగతిని మందుల కంపెనీలే తొక్కిపెట్టాయని అనేవాళ్లున్నారు. నెలనెలా అమ్ముడుపోయే మందు వాళ్లకు చేదు కాదన్నది నిజమే, కానీ ఆ ఒక్క కారణం చాలదు. మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగినా వచ్చింది కడుపు వాపే, పుండు కాదు. అది కడుపులో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అసలు అల్సరే రాదు. బాక్టీరియాను నిర్మూలిస్తే పుండు తిరిగి రావడం అరుదని రోగుల మీద పరీక్షల్లో తేలేదాకా ఆగడం మరీ మొండితనమేమీ కాదు. అయితే ఆమ్లం మందులు దారితప్పిన ప్రయాణమా? అదీ కాదు. బాక్టీరియాను చంపే చికిత్సలోనూ ఒమెప్రజోల్ లాంటి మందు తోడుండాల్సిందే. నొప్పి మాత్రలు తెచ్చే పుండ్లకూ అదే ఆసరా.

కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నే రిఫ్లక్స్ సంగతి వేరు. అక్కడ చంపడానికి బాక్టీరియా లేదు. అన్నవాహిక అడుగున బిగువు తగ్గిన కవాటమే మూలం. మందు ఆ కవాటాన్ని బిగించదు, పైకి ఎగదన్నేదాని ఘాటు తగ్గిస్తుంది, అంతే. అన్నవాహిక ఒరుసుకుపోయినవాళ్లకు అది ఏళ్ల తరబడి అవసరమైతే తప్పుపట్టలేం. కానీ ఆపగానే మంట తిరిగొస్తే దాన్ని జబ్బుకు రుజువుగా తీసుకోవడం, పుండు విషయంలో చేసిన పొరపాటుకు చుట్టమే. 2009లో డెన్మార్క్ పరిశోధకులు ఏ జబ్బూ లేనివాళ్లకు ఎనిమిది వారాలు ఒమెప్రజోల్ కోవకే చెందిన ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపారు. తర్వాతి వారాల్లో వాళ్లలో 44 శాతం మందికి ఛాతీలో మంట, పుల్లటి తేన్పుల వంటి బాధలు కనిపించాయి. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 15 శాతానికే.