ఒకే పెట్టెలో మూడు మీటర్లు

ఇంగ్లండులో టెలిఫోను, టెలిగ్రాఫు తీగెల బాగోగులు చూచుట ఒకప్పుడు పోస్టాఫీసు పని. ఆ శాఖలో ఇంజనీరుగా ఉన్న డొనాల్డ్ మెకాడీకి ఒక విసుగు ఉండెను. ఒక లోపమును కనుగొనవలెనన్న ఆంపియర్లకొకటి, వోల్టులకొకటి, ఓములకొకటి చొప్పున మీటర్లను మోసుకొని పోవలసి వచ్చెడిది. వాటినన్నిటిని ఒకే పెట్టెలో ఇమిడ్చి ఆయన రూపొందించిన పరికరము 1923లో అమ్మకమునకు వచ్చినది. ఆంపియరు, వోల్టు, ఓము అను మాటల తొలి ఆంగ్లాక్షరములను కలిపి దానికి ‘ఆవో’ అని పేరు పెట్టిరి.

నిజమునకు ఆ పెట్టెలో ఉన్నవి మూడు మీటర్లు కావు, ఒకే ఒక సున్నితమైన తీగచుట్ట. విద్యుత్ప్రవాహము దిక్సూచిని కదల్చగలదని 1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆయిర్‌స్టెడ్ చూపెను. అయస్కాంత ధ్రువముల నడుమ తీగచుట్టయే తిరుగు గాల్వనామీటరును 1882లో ఫ్రాన్సులో దెప్రే, దార్సన్‌వాల్ నిర్మించిరి. 1888లో అమెరికాలో ఎడ్వర్డ్ వెస్టన్ దానిని ఎక్కడికైనను తీసికొనిపోదగిన నమ్మకమైన మీటరుగా తీర్చెను. ఈ చుట్టకు శ్రేణిలో పెద్ద నిరోధమును కలిపిన అది వోల్టుమీటరు. సమాంతరముగా చిన్న నిరోధమును కలిపిన అమ్మీటరు. లోపల బ్యాటరీని చేర్చిన ఓము మీటరు. ఏది కావలెనో నిర్ణయించునది పైనున్న స్విచ్చి.

చిక్కంతయు అక్కడనే ఉన్నది. మీటర్లు వేరువేరుగా ఉన్నప్పుడు అమ్మీటరును వోల్టుమీటరనుకొనుట అరుదు. ఇప్పుడో, స్విచ్చిని ఆంపియర్ల వద్ద మరచి, మీటరు తీగెలను సరఫరా రెండు కొనలకు తగిలించుట ఎంతటివారికైనను జరుగవచ్చును. ఆ స్థానమున మీటరు దాదాపు వట్టి తీగతో సమానము. షార్టు సర్క్యూటు అగును. అందుకే ఆవోలో తరువాత, ముల్లు హద్దు దాటగానే వలయమును తెంచు ఏర్పాటును అమర్చిరి. అది మీటరును కాపాడుటకే గాని మనిషిని కాపాడుటకు కాదు.

1923 నాటి ఆవో ఏకముఖ ప్రవాహమును మాత్రమే కొలిచెడిది. రెక్టిఫయరును చేర్చిన పిమ్మట ఏకాంతర ప్రవాహమును కూడ కొలువ వీలైనది. 1951లో వెలువడిన 8వ నమూనాలో ఆ రెండింటికి వేరువేరు స్విచ్చిలుండెను. స్విచ్చిని ఏకముఖ వోల్టుల వద్ద ఉంచి ఇంటిలోని 230 వోల్టుల ఏకాంతర సరఫరాను తాకిన ఏమగును? సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున అటునిటు త్రోయబడు చుట్ట ఎటును పోలేక, ముల్లు సున్న దగ్గరనే నిలుచును. ఆ సున్నను నమ్మి తీగపై చేయి వేసినవాడు ప్రాణమునే పోగొట్టుకొనవచ్చును. కనుక పని తెలిసినవారు ముందు విద్యుత్తు ఉన్నదని తెలిసిన చోట మీటరును పరీక్షించి, తరువాత అనుమానమున్న తీగను చూచి, మరల తెలిసిన చోటనే సరిచూతురు. విద్యార్థులు బ్యాటరీలతోనే అభ్యసింపవలెను.

ప్రమాదము లేకున్నను ప్రయోగ ఫలితమును పాడుచేయు దోషము మరొకటి కలదు. 10 వోల్టుల బ్యాటరీకి 1,00,000 ఓముల నిరోధములు రెండు శ్రేణిలో ఉన్నవనుకొందము. ఒక్కొక్కదాని కొనల మధ్య 5 వోల్టులుండవలెను. వోల్టుకు 1,000 ఓముల మీటరును 10 వోల్టుల స్థానమున ఉంచి తగిలించిన ముల్లు 0.83 మాత్రమే చూపును! మీటరు నిరోధము 10,000 ఓములే గనుక ప్రవాహములో అధిక భాగము దానిగుండా పోవుటయే కారణము. 8వ నమూనాకు వోల్టుకు 20,000 ఓములు. అదియు 4 వోల్టులే చూపును. తరగతిలో చేసి చూపదగిన ప్రయోగమిది.

ఓములను కొలుచునపుడు వలయములోని సరఫరాను ముందుగా తొలగింపవలెను; విద్యుత్తును మీటరు లోపలి బ్యాటరీయే ఇచ్చును. పెక్కు ముల్లు మీటర్లలో అప్పుడు నల్లతీగయే ధనధ్రువమగును. డయోడును పరీక్షించువారు తరచు తికమకపడునది ఇచ్చటనే.