చెప్పి పడుకునే రేడియో, చెప్పకుండా పడుకునే ల్యాప్‌టాప్

వైఫైకి పుట్టుకతోనే నిద్రపోవడం వచ్చు. 1997లో ఐఈఈఈ సంస్థ 802.11 పేరుతో వెలువరించిన మొదటి ప్రమాణంలో వేగం సెకనుకు రెండు మెగాబిట్లు దాటలేదు, భద్రత నామమాత్రం, కానీ నిద్ర నియమాలు మాత్రం పూసగుచ్చినట్టు ఉన్నాయి. రౌటరు దగ్గర చేరిన ప్రతి పరికరానికీ 1 నుంచి 2007 లోపు ఒక సంఖ్య దక్కుతుంది. బ్యాటరీ ఆదా చేసుకోదలచిన పరికరం తాను పంపే ఫ్రేములో ఒకే ఒక్క బిట్‌ను 1గా మార్చి, పడుకుంటున్న సంగతి రౌటరుకు తెలియజేస్తుంది. ఆ తర్వాత దాని పేరిట వచ్చేదంతా, ఊళ్లో లేనివాళ్ల ఉత్తరాలను పోస్టుమాస్టరు తీసిపెట్టినట్టు, రౌటరు తన దగ్గర ఉంచుతుంది. సెకనుకు దాదాపు పదిసార్లు పంపే బీకన్‌లో ఏయే సంఖ్యలవారికి ఏమైనా వచ్చిందో ప్రకటిస్తుంది. నిద్రపోతున్న రేడియో అప్పుడప్పుడూ కన్ను తెరిచి ఆ జాబితాలో తన సంఖ్య చూసుకుంటుంది, ఉంటే అడిగి తీసుకుంటుంది, లేకుంటే మళ్లీ కన్ను మూస్తుంది. ఇంత ముందుచూపుతో పుట్టిన వైఫై, ల్యాప్‌టాప్ మూత మూసి గంట తర్వాత తెరిచేసరికి ఎందుకు తడబడుతుంది? కారణం గాలిలోనో సిగ్నల్‌లోనో కాక ఒప్పందంలో ఉందని నా వాదన. రేడియో నిద్రకూ యంత్రం నిద్రకూ వేర్వేరు వాళ్లు, వేర్వేరు గదుల్లో కూర్చుని నియమాలు రాశారు.

యంత్రం నిద్ర వంశావళి ఇంకొంచెం పాతది. 1989లో వచ్చిన మెకింటాష్ పోర్టబుల్ ఖరీదైన స్టాటిక్ మెమరీ పెట్టుకుని మరీ నిద్రపోగలిగేది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే పద్ధతి తెచ్చాయి. అందులో పెత్తనం బయోస్‌ది. ఎప్పుడు పడుకోవాలో చాలావరకు అదే తేల్చేది, విండోస్‌కు కబురు అందితే అందేది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా విడుదల చేసిన ఏసీపీఐ ఆ పెత్తనాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించింది. ఇప్పటికీ మన నోళ్లలో నానే ఎస్3 నిద్ర అందులోదే: మెమరీకి మాత్రం కరెంటు, మిగతా అంతా చీకటి. పరికరాలకు డీ0 నుంచి డీ3 వరకూ మెట్లున్నాయి. డీ3కి దిగిన పరికరం తన స్థితిని పూర్తిగా మరిచిపోవచ్చు, లేచాక గుర్తుచేసే బాధ్యత డ్రైవర్‌ది. ఈ ఒక్క వాక్యంలోనే తర్వాతి పాతికేళ్ల తలనొప్పికి బీజం ఉంది. 1999 జనవరిలో బిల్ గేట్స్ రాసిన ఒక ఈమెయిలు ఆ తర్వాత అయోవా రాష్ట్రంలో నడిచిన వ్యాజ్యంలో బయటపడింది. తాము చెమటోడ్చిన ఏసీపీఐతో లినక్స్ ఉచితంగా బాగుపడిపోతుందేమోనన్న దిగులు అందులో కనిపిస్తుంది. ఆయన అంత దిగులు పడాల్సింది కాదు. లినక్స్ వాడేవాళ్లు ఆపై ఏళ్ల తరబడి నిద్ర లేవని ల్యాప్‌టాప్‌లతో కుస్తీ పట్టారు. 1999 జులైలో యాపిల్ ఐబుక్‌తో వైఫై మామూలు జనం ఒళ్లోకి వచ్చింది, 2003 మార్చిలో ఇంటెల్ సెంట్రినో దాన్ని ల్యాప్‌టాప్‌కు తప్పనిసరి అవయవం చేసింది. రెండు నిద్రలూ ఒకే పెట్టెలో చేరాయి.

మూత తెరవగానే జరిగే పని చిన్నది కాదు. చాలా కార్డులకు సొంత ఫర్మ్‌వేర్ నిల్వ ఉండదు కనుక డ్రైవర్ దాన్ని మళ్లీ ఎక్కించాలి. చుట్టూ వెతికి రౌటరును పట్టుకోవాలి, మళ్లీ చేరాలి, 2004 నాటి భద్రతా ప్రమాణం ప్రకారం నాలుగు సందేశాల్లో తాళంచెవులు కుదుర్చుకోవాలి, చివరికి ఐపీ చిరునామా ఖాయం చేసుకోవాలి. ఈ ఆఖరి పనికి మూలమైన డీహెచ్‌సీపీ పత్రం, ఆర్ఎఫ్‌సీ 2131, కూడా 1997దే. పాత చిరునామా ఇంకా తనదేనా అని లేచిన యంత్రం అడగాలనీ, కాకపోతే సర్వర్ కాదని చెప్పాలనీ అందులో ఉంది. అడిగేవాడు అడగకపోయినా, చెప్పేవాడు చెప్పకపోయినా తెరమీద వైఫై గుర్తు నిండుగా వెలుగుతుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ల్యాప్‌టాప్‌లు రౌటరుకు చెప్పే పడుకుంటాయి కదా అనవచ్చు. మర్యాదగా సెలవు తీసుకునే డ్రైవర్లు ఉన్న మాట నిజమే. కానీ ఆ సెలవుతో రౌటరు లెక్క కొట్టేస్తుంది, దాచిపెట్టడం ఉండదు. నిద్రకు చెప్పే మాట వేరు, వెళ్లిపోతూ చెప్పే మాట వేరు.

ఖమ్మం దాటి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు, నిద్ర లేచిన ల్యాప్‌టాప్‌కు నెట్ రాని ఈ జబ్బుకు అందరూ చెప్పే కారణం ఒకటే, అడవి. ఆకుల్లోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని మింగుతుందన్నది నిజం, టవర్ సిగ్నల్‌నూ చెట్లు దెబ్బతీస్తాయి. అయితే గదిలో రౌటరుకూ బల్లమీది ల్యాప్‌టాప్‌కూ మధ్య టేకుచెట్లు లేవు. పక్కనున్న ఫోన్‌కు అదే రౌటరు నుంచి నెట్ వస్తుంటే అడవి నిర్దోషి. దూరం విషయంలోనూ గోదావరి తీరం సాక్ష్యం వేరేలా ఉంది. నది కింద, పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ చేపట్టిన అశ్విని ప్రాజెక్టు ఊళ్లను దూరప్రయాణపు వైఫైతో కలిపింది. యాంటెనా చెట్ల తలలు దాటితే కిలోమీటర్లు లెక్కలోకి రాలేదు. అడ్డొచ్చింది గదుల్లో వాడకం కోసం రాసిన, ఎవరు ఎప్పుడు పంపాలన్న వంతుల నియమాలు. పరిశోధకులు భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి 2005లో దూరపు లింకులకు కొత్త వంతుల పద్ధతిని ప్రతిపాదించింది అందుకే. అక్కడా లోపం గాలిది కాదు, ఒప్పందానిది.

అడవి అంచున నిజంగా ఉండే ప్రత్యేకత వేరు. గాలివానకు లైను తెగి కరెంటు పోతే, ల్యాప్‌టాప్ బ్యాటరీమీద హాయిగా పడుకుంటుంది, రౌటరు చచ్చి బతుకుతుంది. లేచిన రౌటరు ఛానెల్ మార్చుకోవచ్చు, ఎవరికి ఏ చిరునామా ఇచ్చిందో మరిచిపోవచ్చు. గుర్తున్నవాడికీ మరిచినవాడికీ మాట కుదరదు. ఫోన్ హాట్‌స్పాట్ అయితే ఇంకో చిక్కు: చేరిన పరికరం ఏదీ లేకపోతే కొన్ని నిమిషాల్లో దానంతటదే ఆగిపోయే ఏర్పాటు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. ల్యాప్‌టాప్ లేచేసరికి రౌటరే లేదు, నింద మాత్రం ల్యాప్‌టాప్‌కు.

చికిత్సలన్నీ ఈ ఒప్పందాన్ని ఎక్కడో ఒకచోట అతికించేవే. విండోస్ డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు పవర్ మేనేజ్‌మెంట్ పేజీకి వెళ్లి, ఆదా కోసం దాన్ని ఆపే అనుమతి గడిలో టిక్ తీసేస్తే కార్డును ఆపే దారి మూసుకుంటుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీస్తే కొత్తగా చేరుతుంది. హాట్‌స్పాట్‌కు ఫోన్‌లో ఆటోమేటిక్‌గా ఆగే సెట్టింగ్ తీసేయాలి. రీస్టార్ట్ చేస్తే పోయేదానికి ఇంత చరిత్ర ఎందుకనేవారికి ఒక మాట: 2012 విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ కూడా సగం నిద్రే. కెర్నెల్, డ్రైవర్లు ఉన్న స్థితిలోనే డిస్కుమీద దాగి మళ్లీ లేస్తాయి. షట్‌డౌన్‌కు లొంగని జబ్బు రీస్టార్ట్‌కు లొంగేది అందుకే, ఈ చరిత్ర తెలియనివాడికి అది చోద్యం. ఒకప్పటి ల్యాప్‌టాప్ అంచున రేడియోను ఆర్పి వెలిగించే నిజమైన స్విచ్ ఉండేది. వేలితో జరిపితే చాలు. దాన్ని తీసేసి మెనూల్లో పాతిపెట్టడం నాకు మింగుడుపడదు.

ఎస్3ని కూడా చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో తీసేశారు. దాని చోట వచ్చిన మోడర్న్ స్టాండ్‌బైలో యంత్రం పూర్తిగా పడుకోదు, వైఫై కలిసే ఉండగలదు, అంటే 1997 నాటి పద్ధతికి దగ్గరగా వచ్చింది. బదులుగా సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కి, బ్యాటరీ తాగేస్తోందన్న ఫిర్యాదు మొదలైంది. కలిసి ఉంటూనే అతి తక్కువ కరెంటుతో పడుకునే వైఫై చిప్‌లను భద్రాచలానికి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, హైదరాబాద్‌లో రెడ్‌పైన్ సిగ్నల్స్ సంస్థ ఇంజినీర్లు తీర్చిదిద్దారు. 2020లో ఆ సంస్థ వైఫై, బ్లూటూత్ విభాగాన్ని సిలికాన్ ల్యాబ్స్ 30.8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ చిప్‌లు ఎక్కువగా చేరుతున్నది ల్యాప్‌టాప్‌లలోకి కాదు, చిన్న బ్యాటరీతో నెలల తరబడి నడవాల్సిన తాళాల్లోకీ సెన్సర్లలోకీ.