యంత్రం ఒకచోట, లెక్క మరోచోట

1949లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ప్యాటర్సన్ పట్టణంలో హెన్రీ టౌబ్ అనే యువకుడు ఆటోమేటిక్ పేరోల్స్ పేరిట ఒక చిన్న సంస్థ ప్రారంభించాడు. ఇతర సంస్థల సిబ్బందికి జీతాల లెక్క కట్టిపెట్టడం దాని పని. తర్వాత ఏడీపీగా పేరు మార్చుకున్న ఈ సంస్థ 1961లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లేనాటికి దాని ఖాతాదారులు సుమారు 300. చిన్న యజమాని జీతాల లెక్కకోసమే ఒక గుమాస్తాను పెట్టుకోలేడు. పదిమంది యజమానులు అదే గుమాస్తాను పంచుకుంటే అందరికీ గిట్టుబాటవుతుంది. చిన్న వ్యాపారాలకు దూరం నుంచి అందే కంప్యూటర్ సేవల చరిత్ర ఈ గిట్టుబాటు చుట్టూనే నడిచింది. మారుతూ వచ్చిందల్లా పంచుకోవలసిన వనరు ఏదన్నదే.

1960లలో ఆ వనరు యంత్రం. 1961లో ఎంఐటీ శతాబ్ది ఉత్సవాల్లో మాట్లాడుతూ కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ, టెలిఫోన్ సౌకర్యంలాగే కంప్యూటర్ సేవ కూడా ఒకనాడు ప్రజోపయోగ వ్యవస్థ కావచ్చని ఊహించాడు. 1964 మే 1న డార్ట్‌మత్ కళాశాలలో గణితాచార్యులు కెమెనీ, కర్ట్జ్ రూపొందించిన టైమ్‌షేరింగ్ వ్యవస్థ, అంటే ఒకే కంప్యూటర్‌ను చాలామంది ఏకకాలంలో వాడుకునే ఏర్పాటు, పనిచేయడం మొదలైంది. గదిలో టెలిటైప్, తీగకు అవతల ఎక్కడో కంప్యూటర్. మరుసటి ఏడాదికే జనరల్ ఎలక్ట్రిక్ ఇలాంటి సేవను అమ్మకానికి పెట్టింది. లక్షల డాలర్ల యంత్రాన్ని కొనలేనివారు గంటల లెక్కన అద్దెకు వాడుకున్నారు.

1981లో ఐబీఎం పీసీ వచ్చాక లెక్క తిరగబడింది. యంత్రం బల్లమీదికి చేరింది. మన దేశంలో కర్మాగారాలకు, మిల్లులకు సరుకు సరఫరా చేసే శ్యాంసుందర్ గోయెంకా తన వ్యాపారానికి సరిపడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ దొరక్క, కొడుకు భరత్‌చేత రాయించాడు. 1986లో బెంగళూరులో మొదలైన ఆ ప్రయత్నమే తర్వాత టాలీ అయింది. యంత్రమూ దొరికింది, సాఫ్ట్‌వేరూ దొరికింది. అది మొరాయిస్తే బాగుచేసే మనిషి మాత్రం చిన్న ఆఫీసుకు అందుబాటులో లేడు. ఇప్పుడు పంచుకోవలసింది ఆ నిపుణుణ్ని.

అతన్ని తీగమీదుగా రప్పించిన తొలి సాధనాల్లో పీసీ ఎనీవేర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి. 1989లో ఐబీఎం మాజీ ఉద్యోగి ఎడ్ యాకోబుచీ స్థాపించిన సిట్రిక్స్ ఈ పద్ధతిని మరో మెట్టు ఎక్కించింది. 1995 నాటి దాని విన్‌ఫ్రేమ్‌తో ఒకే విండోస్ సర్వర్‌లో చాలామంది ఏకకాలంలో పనిచేయగలిగారు. సూత్రం సులువైనది. ఫైలు కదలదు. మీట నొక్కుళ్లు అటు వెళతాయి, తెరమీది మార్పులు ఇటు వస్తాయి. ఆనాటి అకౌంటింగ్ ఫైళ్లను నెమ్మదైన మోడెమ్ లైనుమీద నేరుగా తెరిస్తే పని సాగదు, మధ్యలో లైను తెగితే డేటా పాడయ్యే ప్రమాదమూ ఉంది. తెరను మాత్రమే పంపడంతో ఆ రెండు చిక్కులూ తప్పాయి. సిట్రిక్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్న మైక్రోసాఫ్ట్, 1998లో టెర్మినల్ సర్వర్‌ను విడుదల చేసింది.

అంతకు ఏడాది ముందే మైక్రోసాఫ్ట్ స్మాల్ బిజినెస్ సర్వర్‌ను తెచ్చింది. తొలి రూపంలో వినియోగదారుల పరిమితి 25, 2003 నాటికి 75. ఆ ఏడాది చేర్చిన రిమోట్ వెబ్ వర్క్‌ప్లేస్‌తో ఉద్యోగి ఇంట్లో బ్రౌజర్ తెరిచి ఆఫీసు కంప్యూటర్‌ను వాడుకోగలిగాడు. ఈ సర్వర్ ఆసరాగా స్వతంత్ర కన్సల్టెంట్ల వృత్తి ఒకటి విస్తరించింది. పాడైనప్పుడు వచ్చి గంటకింత అని తీసుకునే పద్ధతి తగ్గి, నెలవారీ రుసుముతో ఖాతాదారులందరి సర్వర్లనూ కన్సల్టెంట్ తన గదినుంచే కనిపెట్టుకునే పద్ధతి పెరిగింది.

సర్వర్‌నే నిపుణులున్న చోటికి తరలిస్తే పోలేదా అన్న ఆలోచన సమాంతరంగానే నడిచింది. 1998లో పుట్టిన యూఎస్ ఇంటర్‌నెట్‌వర్కింగ్ పెద్ద సాఫ్ట్‌వేర్లను తన కేంద్రాల్లో నడిపి అద్దెకిచ్చి, 2002 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఒక్కో ఖాతాదారుకు విడివిడిగా ఏర్పాటు చేసే ఈ నమూనాలో ఖర్చు పంపకం అంతంతమాత్రమే. అదే కాలంలో వచ్చిన నెట్‌లెడ్జర్, సేల్స్‌ఫోర్స్ సంస్థలు అందరికీ ఒకే ప్రోగ్రాం రాసి నిలదొక్కుకున్నాయి. పంపకం పూర్తిగా జరిగినచోటే వ్యాపారం నిలిచింది.

మన దగ్గర ఈ మార్పు మరో దారిన వచ్చింది. 2009లో టాలీ ఈఆర్‌పీ 9 దూరం నుంచి ఖాతాలు చూసే వీలు కల్పించింది. 2017 జులై 1న జీఎస్టీ అమలయ్యాక పన్ను పని ఏడాది చివరి తంతుగా మిగల్లేదు, రిటర్నుల గడువులు తరచుగా వచ్చిపడ్డాయి. కొట్టు విజయవాడలో, ఆడిటర్ గారు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ పంపేకంటే నేరుగా తెరిచి చూడటమే మేలనిపించింది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో అది తప్పనిసరి అయింది.

పంచుకోవడానికి మూల్యం కూడా ఉమ్మడిదే. 2021 జులై 2న కన్సల్టెంట్లు వాడే కసేయా నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోని లోపం ద్వారా రెవిల్ అనే హ్యాకర్ల ముఠా చొరబడింది. కసేయాకు నేరుగా ఖాతాదారులైన సంస్థల్లో దెబ్బతిన్నవి 60 లోపే. వాటిలో చాలా వాటిని నమ్ముకున్న చిన్న వ్యాపారాలు మాత్రం 1,500 దాకా ఉండొచ్చని సంస్థే అంచనా వేసింది. స్వీడన్‌లో కూప్ గొలుసు దుకాణాలు వందల సంఖ్యలో మూతపడ్డాయి. వందమందికి సేవ చేయగల తాళంచెవి దొంగ చేతిలో పడితే వంద తలుపులూ తెరుస్తుంది.

మన చట్టం ఈ పరిస్థితిని కొంత గుర్తించింది. ఖాతా పుస్తకాలను ఎలక్ట్రానిక్ రూపంలో నిర్వహించే కంపెనీలు వాటి బ్యాకప్‌ను ప్రతిరోజూ భారతదేశంలోని సర్వర్లలో ఉంచాలని 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్స్ నిబంధనలను సవరించారు. అయితే ఆ నియమం రిజిస్టరైన కంపెనీలకే వర్తిస్తుంది. సొంత పేరుమీద నడిచే కొట్టు దాని పరిధిలోకి రాదు. అక్కడ బ్యాకప్ ఎక్కడుంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, కన్సల్టెంట్ మారితే ఆ దారి ఎవరు మూస్తారు అన్నవి యజమాని స్వయంగా అడిగి, కాగితంమీద రాయించుకోవలసిన విషయాలే. టౌబ్ కాలంలో యజమాని అప్పగించింది జీతాల పని ఒక్కటే. నేటి యజమాని దాంతోపాటు తన ఆఫీసులోకి దారినీ అప్పగిస్తున్నాడు.