ఏసీ డక్టులు, డ్రెయిన్ పైపులు

ఎయిర్ కండిషనర్ (ఏసీ) చల్లబరచిన గాలిని గదులకు చేర్చే రేకు నాళాలను డక్టులు అంటారు. గాలి చల్లబడునప్పుడు అందులోని తేమ నుండి ఏర్పడే నీటిని బయటకు పంపే గొట్టాన్ని డ్రెయిన్ పైపు అంటారు. వీటి అమరికలోని లోపాలు మొదట బయటకు కనిపించవు. తేమ ఎక్కువైన రోజులలో అవి పైకప్పుపై మరకలుగా, గోడలపై బూజుగా బయటపడతాయి.

చరిత్ర

1902లో అమెరికా ఇంజనీరు విల్లిస్ కారియర్ న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం కొరకు రూపొందించిన వ్యవస్థను ఆధునిక ఎయిర్ కండిషనింగునకు నాందిగా పరిగణిస్తారు. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగడం, ముడుచుకోవడం వలన అక్కడ ఒకదానిపై ఒకటి అచ్చువేసే రంగులు పక్కకు జరిగేవి. తేమను అదుపు చేయడమే ఆ వ్యవస్థ ప్రధానోద్దేశము. కనుక నీటిని తొలగించడం ఏసీ పనిలో మొదటినుండీ భాగమే.

నీరు ఏర్పడే విధానం

చల్లని నీళ్ళ గ్లాసు వెలుపల బిందువులు చేరినట్లే, ఏసీలోని చల్లని రాగి గొట్టాల చుట్ట (కాయిల్) పైన కూడా నీరు చేరుతుంది. 27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 60 శాతం సాపేక్ష ఆర్ద్రత గల గాలి సుమారు 18.6 డిగ్రీలకు చల్లబడగానే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది. కాయిల్ ఉపరితలం సాధారణంగా ఇంతకంటే చల్లగా ఉంటుంది.

ఒక టన్ను ఏసీ సామర్థ్యం సుమారు 3.5 కిలోవాట్లు. 1.5 టన్నుల యంత్రపు సామర్థ్యంలో నాలుగవ వంతు తేమను తొలగించుటకే ఖర్చయితే, గంటకు దాదాపు 2 లీటర్ల నీరు వస్తుంది. ఎనిమిది గంటలలో అది ఒక బకెట్టు నిండుతుంది. ఎండాకాలంలో గాలి పొడిగా ఉండే హైదరాబాదులో ఈ నీరు తక్కువగాను, సముద్రతీరాన ఉన్న విశాఖపట్నంలో ఎక్కువగాను వస్తుంది. అందువలన హైదరాబాదులో ఏప్రిల్ నెలలో ఏ ఇబ్బందీ పెట్టని అమరిక వానలు మొదలవగానే కారవచ్చు.

డక్టుల అమరిక

డక్టులను ఎక్కువగా జింకు పూత గల ఇనుప రేకుతో (జి.ఐ. రేకు) తయారు చేస్తారు. ప్రవహించవలసిన గాలి పరిమాణాన్ని గాలి వేగంతో భాగించగా డక్టు వైశాల్యం వస్తుంది. ఉదాహరణకు 5 టన్నుల యంత్రానికి సెకనుకు సుమారు 0.94 ఘనపు మీటర్ల గాలి అవసరం. వేగం సెకనుకు 5 మీటర్లు అనుకుంటే, వైశాల్యం 0.19 చదరపు మీటర్లు. 600 మి.మీ. వెడల్పు, 300 మి.మీ. ఎత్తు గల డక్టు దీనికి దాదాపు సరిపోతుంది. డక్టు మరీ చిన్నదైతే శబ్దం పెరుగుతుంది, ఫ్యానుపై భారం పడుతుంది.

ఫాల్స్ సీలింగులోని వెచ్చని, తేమ గల గాలి చల్లని రేకును తాకితే డక్టు వెలుపల కూడా చెమ్మ పడుతుంది. దీనిని నివారించుటకు గాజు ఉన్ని లేదా రబ్బరు నురుగు తొడుగు వేసి, దాని అతుకులను అల్యూమినియం టేపుతో పూర్తిగా మూయాలి. తొడుగులో చిన్న సందు ఉన్నా తేమ లోపలికి చేరుతుంది.

డ్రెయిన్ పైపు అమరిక

పంపు లేని అమరికలో నీరు భూమ్యాకర్షణ వలననే ప్రవహిస్తుంది. కావున ఈ క్రింది నియమాలు ముఖ్యమైనవి.

* ప్రతి మీటరు పొడవుకు కనీసం 10 మి.మీ. వాలు ఉండాలి.
* పైపు వ్యాసం యంత్రపు నీటి తొట్టె రంధ్రం కంటే తక్కువ కాకూడదు.
* పైపు మధ్యలో కుంగకుండా దగ్గర దగ్గరగా క్లాంపులు బిగించాలి. కుంగిన చోట నీరు నిలిచి, పాచి పట్టి, దారి మూసుకుపోతుంది.
* పైపు చివర బకెట్టులోని నీటిలో మునగకూడదు. మునిగితే పైపులోని గాలి బయటకు పోలేక నీటి ప్రవాహం ఆగిపోవచ్చు.
* మురుగు కాలువ గొట్టానికి సూటిగా కలపకుండా, మధ్యలో ఖాళీ ఉంచాలి.
* సీలింగు మూయకముందే తొట్టెలో నీరు పోసి పరీక్షించాలి.

ట్రాప్

డక్టులు గల పెద్ద యంత్రాలలో ఫ్యాను సాధారణంగా కాయిల్ తరువాత ఉండి గాలిని లాగుతుంది. ఆ లాగుడు వలన పైపు గుండా బయటి గాలి లోపలికి వచ్చి, నీటిని తొట్టెలోనే ఆపివేస్తుంది. దీనిని అడ్డుకొనుటకు పైపును 'యు' ఆకారంలో వంచి, అందులో నీరు నిలిచేలా చేస్తారు. దీనినే ట్రాప్ అంటారు. 250 పాస్కల్‌ల లాగుడు సుమారు 25 మి.మీ. నీటి ఎత్తుకు సమానము. ట్రాప్ లోతు దీనికి తగినట్లు, కొంత అదనంగా ఉండాలి. ఏసీ వాడని చలికాలంలో ట్రాప్ ఎండిపోతుంది కనుక, తిరిగి వాడే ముందు నీరు పోయాలి.

నిర్వహణ

వేసవికి ముందు తొట్టెను, పైపును శుభ్రం చేయాలి. సీలింగు పైన ఉన్న యంత్రానికి అడుగున రెండవ తొట్టె అమర్చి, నీరు నిండితే యంత్రాన్ని ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టడం మంచిది. పైపు కింద పెట్టిన బకెట్టును కనీసం వారానికొకసారి ఖాళీ చేసి, లోపల రుద్ది కడగాలి. లేనిచో డెంగ్యూను వ్యాప్తి చేసే దోమలు అందులో పెరుగుతాయి. ఈ నీటిలో లవణాలు చాలా తక్కువైనా, కాయిల్‌పై ఉన్న దుమ్ము, సూక్ష్మజీవులు, లోహపు అంశాలు కలుస్తాయి. నేల కడుగుటకు ఉపయోగించవచ్చు గాని త్రాగుటకు పనికిరాదు. ఇన్వర్టర్ బ్యాటరీలలో పోయడం కూడా మంచిది కాదు.

ఇవి కూడా చూడండి

* ఎయిర్ కండిషనింగ్
* ఆర్ద్రత
* డెంగ్యూ