రెండో స్థానం దగ్గరే ఆగిన శ్రీనిధి: హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమాని ఎంత ఆశించొచ్చు?

2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో మహ్మదన్ స్పోర్టింగ్ 2-1 తేడాతో షిల్లాంగ్ లజోంగ్‌ను ఓడించి ఐ-లీగ్ టైటిల్ ఖాయం చేసుకుంది. కోల్‌కతాలో ఆ రాత్రి పండగే. హైదరాబాద్‌లో మాత్రం దానితోనే శ్రీనిధి డెక్కన్ ఆశ ముగిసింది. అంతకుముందు 2022-23లో రౌండ్‌గ్లాస్ పంజాబ్ మొదటి స్థానంలో ఉంటే శ్రీనిధి రెండో స్థానం. 2023-24లో మహ్మదన్ మొదటిది, శ్రీనిధి మళ్ళీ రెండోదే. పై లీగ్‌కి వెళ్ళే అవకాశం ఛాంపియన్‌కు ఒక్కరికే. రెండోవాళ్ళకు ఏమీ లేదు.

లాలాపేట్, నాచారం, ఉప్పల్ వైపు వాళ్ళకు ఈ జట్టు కన్నా ఆ పేరున్న కాలేజీయే ఎక్కువ తెలుసు. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద పోతే ఘట్‌కేసర్ దగ్గర యంనంపేటలో శ్రీనిధి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఆ విద్యాసంస్థల యాజమాన్యమే ఫుట్‌బాల్ క్లబ్‌నూ నడుపుతోంది. 2015లో క్లబ్ పెట్టారు. 2021-22లో ఐ-లీగ్‌లోకి వచ్చిన మొదటి ఏడాదే మూడో స్థానం కొట్టారు. 2023 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో జరిగిన సూపర్ కప్ మ్యాచ్‌లో పెద్ద లీగ్ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను వాళ్ళ సొంత రాష్ట్రంలోనే 2-0తో ఓడించారు. మధ్యస్థాయి జట్టు అంటే ఇలాంటిదే. పెద్దవాళ్ళను ఒకరోజు ఓడించగలదు, కానీ ఏడాది పొడుగునా వాళ్ళ సరసన నిలబడాలంటే కష్టం.

అభిమానికి మాత్రం ఇది సరిపోలేదు. మూడు, రెండు, రెండు తర్వాత ఒకటే రావాలి కదా అన్నది సహజమైన లెక్క. హైదరాబాద్‌లో దీనికి ఇంకో బరువు కూడా తోడవుతుంది. ఇక్కడ ఏ జట్టు వచ్చినా దాన్ని పక్కనున్న జట్టుతో కాదు, తాతల కాలంతో పోల్చి చూస్తారు.

తాతల కాలం కొలత

ఆ కాలం చిన్నదేమీ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లో హైదరాబాద్ పేరు మీద, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరు మీద గెలిచారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళి నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో హైదరాబాద్ కుర్రాళ్ళు ఒకరిద్దరు కాదు, చాలామంది ఉన్నారు.

వాళ్ళందరి వెనక ఉన్న పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, యూనివర్సిటీ జట్టుకు ఆడారు. కాలేజీ విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసి పెట్టుకున్న 'ఎలెవెన్ హంటర్స్' జట్టులోనూ ఆడారు. తర్వాత ఖమర్ క్లబ్. వృత్తి బడి పంతులు. చాదర్‌ఘాట్ హైస్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్ లాంటి చోట్ల పనిచేశారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, 1950 నుంచి సిటీ పోలీస్ కోచ్‌గా, భారత జట్టు కోచ్‌గా ఉన్నారు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు ఆయన హయాంలోనే వచ్చాయి. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పటికే ఆయన క్యాన్సర్‌తో ఉన్నారు. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. 2024లో అజయ్ దేవ్‌గణ్ హీరోగా వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే. ఆ సినిమా వచ్చాక రహీం సాబ్ ఎవరో తెలియని ఇళ్ళలో కూడా పిల్లలు అడగడం మొదలుపెట్టారు.

సినిమాలో కప్పులు కనిపిస్తాయి. అభిమానుల కబుర్లలోనూ కప్పులే ఉంటాయి. కానీ ఆ కప్పులు ఎలా వచ్చాయన్నది అసలు సంగతి. రహీం సాబ్ డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టేవారు, బంతి వెంటనే పాస్ చేయడం రావాలని. అలవాటు లేని కాలితోనే ఆడాలని ఇంకో టోర్నమెంట్. పిల్లలకు ఎత్తును బట్టి వేరే పోటీలు. ఇవన్నీ పై స్థాయి ఆటగాళ్ళకు కాదు, బస్తీల పిల్లలకు. కింద అంతమంది ఆడుతుంటే పైన పదకొండు మంది దొరకడం కష్టం కాదు.

రెండోది ఉద్యోగం. పోలీస్ జట్టులో ఆడితే పోలీస్ శాఖలో కొలువు. నెల జీతం, పెళ్ళి సంబంధాల్లో చెప్పుకోవడానికి ఒక హోదా, తర్వాత పెన్షన్. కొడుకు చదువు మానేసి గ్రౌండ్‌కి పోతున్నాడంటే ఆ రోజుల్లో ఇంట్లో వాళ్ళు ఇప్పటంత భయపడకపోవడానికి కారణం ఇదే. రైల్వే, ఇతర ప్రభుత్వ శాఖలూ ఇలాగే ఆటగాళ్ళను తీసుకునేవి. లాల్‌గూడ రైల్వే వర్క్‌షాప్ పక్కనే ఉన్న లాలాపేట్‌కి స్పోర్ట్స్ కోటా అంటే ఏమిటో వివరించి చెప్పక్కర్లేదు.

అయినా అప్పుడు కూడా అందరూ ఇక్కడ ఆగలేదు. కోల్‌కతా క్లబ్బులు డబ్బిచ్చి తీసుకెళ్ళాయి. మల్కాజిగిరి దాటాక వచ్చే అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. మొహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ అదే దారి పట్టారు. హబీబ్ కోల్‌కతాలో మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. 1977లో పెలే వచ్చినప్పుడు న్యూయార్క్ కాస్మోస్‌తో 2-2గా ముగిసిన మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున ఒక గోల్ ఆయనదే. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లోనే చనిపోయారు. వాళ్ళ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ లాంటి వాళ్ళు వచ్చారు గానీ, తయారయ్యేది ఇక్కడ, ఆడేది అక్కడ అన్న పద్ధతి మారలేదు. కొన్నాళ్ళకు తయారవ్వడమూ తగ్గిపోయింది.

కాబట్టి ఇప్పటి శ్రీనిధిని అప్పటి పోలీస్ జట్టుతో పోల్చడం న్యాయం కాదు. అప్పుడు జట్టు ఊరి నుంచి వచ్చేది. ఇప్పుడు జట్టులో విదేశీయులు, ఈశాన్య రాష్ట్రాల కుర్రాళ్ళు, కేరళ, గోవా వాళ్ళు. ఒప్పందం ఏడాదికో రెండేళ్ళకో. తప్పేం కాదు, ప్రొఫెషనల్ క్లబ్ అంటే అంతే. కానీ కొలత మార్చుకోకుండా ఆశ పెట్టుకుంటే మిగిలేది చిరాకే.

కప్పు వచ్చింది, క్లబ్ పోయింది

ఆశ నెరవేరితే ఏమవుతుందో కూడా ఈ నగరం చూసింది. 2019లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో మొదటి ఏడాది ఆఖరి స్థానం. తర్వాత స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాక ఐదో స్థానం. 2021-22లో లీగ్‌లో రెండో స్థానం, ఆపైన ప్లేఆఫ్స్. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 1-1 అయ్యాక పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడలా నిలబడ్డాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది.

కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ పూర్తిగా గోవాలోనే జరిగాయి. అంటే ఛాంపియన్ జట్టును ఆ ఏడాది హైదరాబాద్ వాళ్ళు తమ మైదానంలో ఒక్కసారి కూడా చూడలేదు. మొదటి ఏడాది చివరి స్థానంలో ఉన్న జట్టును చూశారు, కప్పు గెలిచినదాన్ని టీవీలో చూశారు. మరుసటి సీజన్‌లో గచ్చిబౌలికి తిరిగి వచ్చి మళ్ళీ రెండో స్థానం, సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. మనోలో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధం, సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోవడం. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి. వచ్చింది 8 పాయింట్లు. కప్పు గెలిచిన రెండేళ్ళకే అట్టడుగు. కొత్త యాజమాన్యం వచ్చింది గానీ, 2025లో క్లబ్‌ను ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. గచ్చిబౌలి స్టేడియం ఉంది, జట్టు లేదు.

మైదానంలో ఓడిపోతే వచ్చే ఏడాది అనుకోవచ్చు. క్లబ్బే ఊరు విడిచిపోతే వచ్చే ఏడాది అన్న మాటే ఉండదు.

2023-24లో తేలిన లెక్క

ఆ ఒక్క సీజన్‌ను విడిగా చూడాలి. నగరంలో రెండు ప్రొఫెషనల్ జట్లు. ఒకటి పై లీగ్‌లో ఆఖరుది, ఇంకొకటి కింది లీగ్‌లో రెండోది. సూపర్ లీగ్ నుంచి కిందికి దించే నిబంధన అప్పుడు అమల్లో లేదు. కింది నుంచి పైకి ఒక్క ఛాంపియన్‌కే దారి. కాబట్టి జీతాలు ఇవ్వలేక ఒక్క మ్యాచ్ గెలిచిన జట్టు పైనే ఉంది, ఏడాదంతా బాగా ఆడిన జట్టు కిందే ఉండిపోయింది. ఇంగ్లండ్‌లోనో స్పెయిన్‌లోనో అయితే చివరి జట్టు కిందికి పోతుంది, కింది లీగ్‌లో రెండో జట్టు పైకి వెళ్తుంది. అక్కడ అభిమాని ఆశకు పట్టికలో లెక్క ఉంటుంది. ఇక్కడ శ్రీనిధి అభిమానికి కోపం వస్తే అది కోచ్ మీద కన్నా నిబంధన మీద రావాలి.

సరే, పైకి వెళ్తే ఏమయ్యేది? దానికి మహ్మదన్ స్పోర్టింగే జవాబు. 1891 నుంచి ఉన్న క్లబ్, దేశమంతటా ముస్లిం కుటుంబాల్లో అభిమానులున్న క్లబ్, హబీబ్ ఆడిన క్లబ్. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో కూడా కొందరి మనసు రెండుగా చీలి ఉంటుంది, ఊరి జట్టు ఓడిందని బాధ, మహ్మదన్ గెలిచిందని సంతోషం. కానీ 2024-25లో సూపర్ లీగ్‌లోకి వెళ్ళిన మహ్మదన్ పట్టికలో ఆఖరున నిలిచింది. జీతాల గొడవలు అక్కడా వచ్చాయి. పైకెక్కడానికి పట్టే బలం వేరు, అక్కడ నిలవడానికి పట్టే డబ్బు వేరు.

లాలాపేట్ నుంచి గ్రౌండ్ దాకా

అభిమానం గురించి మాట్లాడేటప్పుడు దూరం గురించి ఎవరూ మాట్లాడరు. లాలాపేట్ వాళ్ళకు దగ్గర్లో ఉన్న పెద్ద స్టేడియం ఉప్పల్, అది క్రికెట్‌ది. ఆటోలో వెళ్ళి రావచ్చు. ఫుట్‌బాల్ రెండు గ్రౌండ్లూ నగరానికి అవతలి చివర. గచ్చిబౌలికైతే తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా, అక్కడి నుంచి మళ్ళీ ఆటో. శ్రీనిధి ఆడే డెక్కన్ ఎరీనా ఇంకా దూరం, మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్‌లో, చేవెళ్ళ రోడ్డు మీద. అక్కడికి మెట్రో లేదు. సూపర్ లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా రాత్రి ఏడున్నరకు. పిల్లల్ని తీసుకెళ్తే మగ్రిబ్ దారిలో, ఇషా తిరిగొచ్చాక, పొద్దున్నే బడి. సొంత బండి లేని కుటుంబానికి ఇది సీజన్‌కి ఒకసారి చేసే ప్రయాణం, వారం వారం కాదు. స్టాండ్లు ఖాళీగా ఉన్నాయని హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ అభిమానం చచ్చిపోయిందనే వాళ్ళు ఒకసారి లాలాపేట్ నుంచి అజీజ్‌నగర్ వెళ్ళి చూడాలి.

పెద్ద మ్యాచ్‌లకు నగరం పనికొస్తూనే ఉంది. 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ గచ్చిబౌలిలో జరిగింది. భారత కోచ్‌గా మనోలో మార్కెజ్ మొదటి మ్యాచ్‌లు అవే. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. అదే ఏడాది డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ తుది పోటీలు ఇక్కడే. డిసెంబర్ 31న ఫైనల్లో పశ్చిమ బెంగాల్ 1-0తో కేరళను ఓడించి 33వ సారి కప్పు తీసుకెళ్ళింది. ఆతిథ్యం మనది, ఆట వాళ్ళది.

ఇంట్లో ఫుట్‌బాల్ ఆడే అబ్బాయి ఉన్న తల్లిదండ్రులకు ట్రోఫీ కన్నా వేరే ప్రశ్నలు ఉంటాయి. క్లబ్‌లో వయసును బట్టి జూనియర్ జట్లు ఉన్నాయా? వాటిలోకి తీసుకునే ట్రయల్స్ నగరం ఇవతలి వైపు కూడా పెడతారా? అందులో నుంచి ఎంతమంది మొదటి జట్టుకు వెళ్ళారు? కాలేజీ నడిపే యాజమాన్యమే క్లబ్‌నూ నడుపుతున్నప్పుడు ఆటగాడికి సీటులోనో ఫీజులోనో ఏమైనా వెసులుబాటు ఉందా? రహీం సాబ్ కాలంలో పోలీస్ కొలువు ఇచ్చిన భరోసాకు ఇప్పుడు దగ్గరగా రాగలిగింది డిగ్రీ. ఆట కుదరకపోయినా చేతిలో అది మిగులుతుంది. శ్రీనిధి లాంటి క్లబ్‌ను అడగాల్సింది ఇది. పెద్ద లీగ్ క్లబ్ ఇవ్వలేనిది, కాలేజీలున్న క్లబ్ ఇవ్వగలిగిందీ ఇదే.

లాలాపేట్‌లో ప్రొఫెసర్ జయశంకర్ పేరు మీద స్టేడియం ఉంది, పక్కనే ఉస్మానియా గ్రౌండ్లున్నాయి. రహీం సాబ్ ఆట మొదలైంది ఆ యూనివర్సిటీ జట్టులోనే. ఏ క్లబ్ అయినా ట్రయల్స్ పెట్టాలనుకుంటే చోటు వెతుక్కోనక్కర్లేదు.